సి-క్లెఫ్: పాశ్చాత్య గాత్రస్వరలిపిలో ఒక ప్రాచీన సంకేతము

ప్రాచీన కావ్యములను పరిష్కరించువారికి ఎదురగు చిక్కులలో లిపిని గూర్చినది మొదటిది. తాళపత్రప్రతిలో 'ఏఱు' అని శకటరేఫముతో ఉన్న మాటను 'ఏరు' అని సాధురేఫముతో అచ్చొత్తించినచో నేటి చదువరి ఉచ్చారణమున భేద మేమియు కలుగదు. కాని నది యను అర్థము గల మాటకును, ఎంచి తీయుట యను అర్థము గల మాటకును గల భేదము పుటమీదినుండి తొలగిపోవును. ప్రాసను పరిశీలించువానికి ఒక ఆధారము తప్పిపోవును. చదువరి సౌకర్యమునకై చేసిన మార్పు పరిశోధకునకు ఇట్లు నష్టముగ పరిణమించును.

పాశ్చాత్యదేశముల ప్రాచీన గాత్రసంగీతమును పరిష్కరించువారి ముందును ఇట్టి ప్రశ్నయే ఒకటి కలదు. అచ్చట మార్పునకు లోనైనది స్వరలిపి మొదట నుంచు ఒక గుర్తు. దానికి సి-క్లెఫ్ అని పేరు. అది ఏల పుట్టినది, గాయకులకు ఎట్లు ఉపకరించినది, దానిని మార్చి ముద్రించుటవలన పోవునది ఏమి అను విషయములను వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. పాశ్చాత్య స్వరలిపితో పరిచయము లేనివారికిని సుబోధమగుటకై వీలైనంతవఱకు మన సంగీతపరిభాషనే గ్రహించుచున్నాను.

గీతలు పుట్టక పూర్వము

క్రీ.శ. 9, 10 శతాబ్దులలో ఐరోపాలోని క్రైస్తవమఠములందు లాటిను స్తోత్రగానము నిత్యకృత్యము. స్తోత్రముల సంఖ్య మిక్కిలి పెద్దది. అవి యన్నియు గురుముఖమున విని వల్లింపవలసినవే. పదములపై 'న్యూము'లను చిఱుగుర్తులను వ్రాయు అలవాటు మాత్రము కలదు. స్విట్జర్లాండులోని సాంక్ట్ గాలెన్ మఠపు ప్రతులు ఇందుకు ప్రసిద్ధములు. ఈ గుర్తులు స్వరము పైకి పోవుటను, క్రిందికి దిగుటను తెలుపునే కాని ఎంత పైకి, ఎంత క్రిందికి అను విషయము తెలుపవు. పాటను ముందే ఎఱిగినవానికి అవి జ్ఞప్తి కలిగించును. ఎఱుగనివానికి దారి చూపజాలవు.

ఈ లోపము ఎంతటిదో తెలుగువారు సులభముగ గ్రహింపగలరు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు తిరుమలలో రాగిఱేకులపై నిలిచియున్నవి. సంకీర్తనము తలపై రాగము పేరు కలదు, స్వరములు లేవు. సాహిత్యము దక్కినది, దాని వరుస దక్కలేదు. నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు తరువాతివారు కూర్చినవే. పాట నోట నిలిచినంతవఱకే నిలుచును. నోరు మాఱినపుడు అది మాఱును, నోరు లేనపుడు అది పోవును.

ఈ లోపమును తీర్చుటకు 11వ శతాబ్ది తొలిపాదమున గ్విడో అను సన్యాసి పూనుకొనెను. ఇటలీదేశమందలి అరెజ్జో పట్టణమున ఆతడు బాలురకు స్తోత్రగానము నేర్పెను. ఆతని 'మైక్రోలోగస్' అను గ్రంథము సుమారు 1026లో వెలసినది. గీతలపై స్వరములను వ్రాయు పద్ధతిని ఆతడు తన స్తోత్రసంపుటమునకు వ్రాసిన పీఠికలో వివరించెను. గీతపై ఒక స్వరము, రెండు గీతల నడిమి ఖాళీలో దాని పై స్వరము, ఆ పై గీతమీద అంతకు పై స్వరము ఉండును. చూపునకు మెట్లవలె నుండు ఈ లిపి, స్వరము ఎన్ని మెట్లు ఎక్కినదియు దిగినదియు తప్పక తెలుపును. పదియేండ్లు శ్రమించినను పూర్తిగా అలవడని విద్య ఈ పద్ధతివలన ఒక యేట, అధికమైనచో రెండేండ్లలో అలవడునని గ్విడో మైకేల్ అను సన్యాసికి వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. పోపు 19వ జాన్ ఆతనిని రోమునకు పిలిపించి, అంతకుముందు తాను వినని ఒక స్తోత్రచరణమును ఆ లిపినుండి స్వయముగ పాడిచూచి ఆశ్చర్యపడెనని ఆ లేఖయే తెలుపుచున్నది.

రెండు మెట్లు చిన్నవి

మెట్లన్నియు సమానమైనచో ఈ కథ ఇచ్చటనే ముగిసియుండును. కాని స్వరసోపానమున మెట్లు సమానములు కావు. మన ధీరశంకరాభరణమును తీసికొందము. షడ్జమునుండి రిషభమునకును, రిషభమునుండి గాంధారమునకును పూర్ణస్వరాంతరము. గాంధారమునుండి మధ్యమమునకు అర్ధస్వరాంతరము మాత్రమే. పంచమ, ధైవత, నిషాదములకు మరల పూర్ణస్వరాంతరములు. నిషాదమునుండి తారాషడ్జమునకు మరల అర్ధస్వరాంతరము. ఏడు మెట్లలో ఐదు పెద్దవి, రెండు చిన్నవి అన్నమాట. ఆ చిన్నమెట్లు గ-మ, ని-స ల నడుమ నున్నవి.

పాశ్చాత్యులు ఈ ఏడుస్వరములకు తమ అక్షరమాలలోని తొలి ఏడక్షరములను, ఎ మొదలు జి వఱకు, పేరులుగ నుంచిరి. వానిలో సి మన షడ్జస్థానమున నున్నదని భావించినచో డి రిషభము, ఇ గాంధారము, ఎఫ్ మధ్యమము, జి పంచమము, ఎ ధైవతము, బి నిషాదము అగును. ఇది బోధసౌకర్యమునకై చెప్పిన పోలికయే. పాశ్చాత్య స్తోత్రములన్నియు సి స్వరమునే ఆధారముగ గొన్నవి కావు.

గీతలు స్వరముల వరుసను చూపును గాని చిన్నమెట్లు ఎచ్చట నున్నవో చూపజాలవు. గీతలన్నియు ఒకే ఎడముతో గీయబడినవి. కంటికి అన్ని మెట్లు సమానములే. ఆ సమమైన గీతలలో అసమమైన మెట్లను గుర్తించుటకు గ్విడో రెండుపాయములను కల్పించెను. మొదటిది గీత మొదట అక్షరము వ్రాయుట, రెండవది రంగు. మూడవ అక్షరమగు సి యొక్క గీతకు పసుపుపచ్చని రంగును, ఆఱవ అక్షరమగు ఎఫ్ యొక్క గీతకు ఎఱుపును వాడెను. ఏడక్షరములలో ఈ రెంటినే ఏల ఎన్నుకొనెనని ప్రశ్నింపవచ్చును. సి క్రింద నున్నది బి. ఎఫ్ క్రింద నున్నది ఇ. అనగా ని-స, గ-మ ల నడిమి చిన్నమెట్టు పైయంచున నుండు స్వరములు ఈ రెండే. పసుపుగీత కనబడినచోట, ఎఱ్ఱగీత కనబడినచోట, దాని క్రిందిమెట్టు చిన్నదని బాలుడు చూపుతోనే తెలిసికొనును. కాలక్రమమున రంగులు వెనుకబడినను అక్షరములు మిగిలినవి. ఆ అక్షరములే క్లెఫ్‌లు.

లాటినులో 'క్లావిస్' అనగా తాళపుచెవి. ఆ మాటయే ఫ్రెంచిలో క్లెఫ్ ఐనది. ఒక గీత పేరు తెలిసినచో మిగిలిన గీతల పేరులన్నియు తెలియును గనుక ఆ నామము తగియున్నది. సి అను అక్షరము లేఖకుల చేతిలో క్రమముగ రూపు మాఱి, స్తోత్రగ్రంథములలో కొక్కెమువలెను, 15, 16 శతాబ్దుల ప్రతులలో నిచ్చెనమెట్లవలెను, ముద్రణ వ్యాపించిన తరువాత రెండు వంకరలు వెన్ను గల చిహ్నముగను కనబడుచున్నది. ఏ రూపమున నున్నను ఆ చిహ్నము నడిమిభాగము ఏ గీతను పట్టుకొనియున్నదో ఆ గీత సి స్వరమునకు స్థానము. గీతలు కదలవు, క్లెఫ్ కదలును. పాట యొక్క వ్యాప్తిని బట్టి దానిని ఒకమాఱు పైగీతపైనను, ఒకమాఱు క్రిందిగీతపైనను ఉంచిరి. పాట నడుమ స్వరములు మిక్కిలి పైకి పోయినచో అచ్చటనే క్లెఫ్‌ను వేఱుగీతకు మార్చుటయు కలదు.

మన స్వరలిపిలో ఇట్టి సంకేతము లేకుండుటకు కారణము స్పష్టము. మనము స్వరముల పేరులనే వ్రాయుదుము. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో ప్రకటించిన 'సంగీతసంప్రదాయప్రదర్శిని'లో స్వరాక్షరమే తన పేరును చెప్పుకొనుచున్నది. రాగము పేరు చిన్నమెట్ల స్థానమును చెప్పుచున్నది. పాశ్చాత్యలిపిలోని చుక్కకు పేరు లేదు. దానికి చోటు మాత్రమే కలదు. ఆ చోటునకు పేరిచ్చునది క్లెఫ్. చిన్నస్వామి మొదలియారు 1893లో త్యాగరాజాదుల కృతులను పాశ్చాత్యలిపిలో ప్రకటించినపుడు, పాడువాని శ్రుతిని బట్టి ఎచ్చటనైన నిలువగల మన షడ్జమునకు గీతలపై ఒక నియతస్థానమును కల్పింపవలసివచ్చుట ఈ భేదమువలననే.

క్లెఫ్ తప్పినచో రాగము తప్పును

క్లెఫ్‌ను తప్పుగ చదివినచో కలుగు ఫలమును ఒక ఉదాహరణమున చూతము. నేడు వాడుకలో నున్న స్టాఫ్‌నకు ఐదుగీతలు. సి-క్లెఫ్‌ను అన్నిటికంటె క్రిందిగీతపై నుంచినచో దానిని సొప్రానో క్లెఫ్ అందురు. అపుడు క్రిందినుండి పైకి గీతలు వరుసగ స, గ, ప, ని, రి. ఖాళీలు రి, మ, ద, స. నేటి గాయకులకు అలవాటైనది జి-క్లెఫ్. దానిని ట్రెబుల్ క్లెఫ్ అనియు అందురు. అది రెండవగీతను జి, అనగా పంచమముగ, నిర్ణయించును. కావున గీతలు వరుసగ గ, ప, ని, రి, మ. ఖాళీలు మ, ద, స, గ అగును.

ఇపుడు సొప్రానో క్లెఫ్‌లో వ్రాసిన ఒక పాటను, మొదటి గుర్తును గమనింపక, అలవాటు చొప్పున ట్రెబుల్ క్లెఫ్‌గ చదివినాడనుకొందము. క్రిందిగీతమీది స్వరము షడ్జము. ఆతడు దానిని గాంధారమనుకొనును. స రి గ మ ప ద ని స అని వ్రాసిన వరుసను గ మ ప ద ని స రి గ అని పాడును. ఎత్తు మాఱుట ఒక్కటే అయినచో హాని లేదు. శ్రుతి పెంచి పాడినట్లగును. కాని ఇచ్చట చిన్నమెట్లు స్థానము మాఱినవి. శంకరాభరణ గాంధారమును షడ్జముగ గొని గ్రహభేదము చేసినచో హనుమతోడి కలుగునని సంగీతవిద్యార్థు లెఱుగుదురు. క్లెఫ్‌ను పొరబడిన ఆ గాయకుడు చేసినది సరిగా అదియే. శంకరాభరణమున వ్రాసిన పాటను తోడిలో పాడినాడు. పుటపైనున్న చుక్క ఒక్కటియు మాఱలేదు, రాగము మాఱినది.

కావున క్లెఫ్ చెప్పునది ముఖ్యముగ ఎత్తు కాదు, చిన్నమెట్ల చోటు. పాడవలసిన ఎత్తును గాయకులు తమ కంఠమును బట్టి నిర్ణయించుకొనెడివారు. శ్రుతిదండము 1711లో ఇంగ్లండునందు జాన్ షోర్ అను వాద్యకారుడు కల్పించినది. ఎ స్వరమునకు సెకనునకు 440 కంపనములను అంతర్జాతీయనియమము 1939లో లండను సభలో అంగీకరింపబడినది. అంతకు పూర్వము ఊరికొక శ్రుతి, ఒక్కొక్కయెడ ఒకే ఊరిలో గుడికొక శ్రుతి. రోమను స్తోత్రగానమును నేటికిని నాలుగు గీతలపై సి-క్లెఫ్, ఎఫ్-క్లెఫ్‌లతో ముద్రించుచున్నారు. ఆ గాయకులు సి గీతను నియతమైన ఎత్తుగ భావింపరు. మన గాయకుడు షడ్జమును నిలుపుకొనునట్లు తమకు అనుకూలమైనచోట నిలుపుకొందురు.

గాత్రములకు తగిన చోటు

పలు గాత్రములు ఏకకాలమున వేర్వేఱు వరుసలను పాడు సంగీతము ఐరోపాలో వర్ధిల్లిన పిమ్మట క్లెఫ్‌నకు రెండవ ప్రయోజన మేర్పడినది. 1501లో వెనిస్ నగరమున ఒత్తావియానో పెత్రూచ్చి 'ఓదెకాటోన్' అను సంపుటమును ముద్రించెను. కూర్చుటకును విడదీయుటకును వీలైన అచ్చులతో ముద్రింపబడిన తొలి బహుగాత్రసంగీతగ్రంథ మిదియే. ఆ కాలపు గ్రంథములలో గాత్రము లన్నియు ఒకదాని క్రింద ఒకటిగ పేర్చబడియుండవు. ఒక్కొక్క గాత్రమునకు పుటలో వేఱుభాగము, లేక వేఱు పుస్తకమే, యుండును. గాయకునకు తన వరుస ఒక్కటే కనబడును.

ఐదుగీతలు, నాలుగు ఖాళీలు, పైనొకటి క్రిందనొకటి చోటు చేర్చుకొన్నచో మొత్తము పదునొకండు స్వరములు అదనపు గీతలు లేకయే అమరును. సాధారణముగ ఒక గాత్రము పాటలో సంచరించు వ్యాప్తి అష్టకమునకు కొంచె మెక్కువ. కావున క్లెఫ్‌ను తగినగీతపై నుంచినచో ఆ గాత్రమునకు వలసిన స్వరములన్నియు గీతలలోనే ఇముడును. పైనను క్రిందను చిఱుగీతలు చేర్చు పని యుండదు. సి-క్లెఫ్ మొదటిగీతపై నున్నచో సొప్రానో, రెండవదానిపై మెజోసొప్రానో, మూడవదానిపై ఆల్టో, నాలుగవదానిపై టెనర్ అని పేరులు. మంద్రగాత్రమునకు ఎఫ్-క్లెఫ్ నాలుగవగీతపై నుండును. దానిని బాస్ క్లెఫ్ అందురు. ఎఫ్-క్లెఫ్ మూడవగీతపై నున్నచో బారిటోన్ క్లెఫ్.

ఈ పేరులే విషయమును తెలుపుచున్నవి. క్లెఫ్ ఒక విధముగ కంఠమునకు కొలత. పుస్తకము తెఱచి తొలిగుర్తును చూడగనే ఈ వరుస బాలునిదా, ప్రౌఢపురుషునిదా, ఏ ఎత్తులో సంచరించునది అని గాయకునకు తెలియును. మఱియు సి-క్లెఫ్ ఎన్ని గీతలపైకి కదలినను అది సూచించు స్వరము ఒక్కటియే. సొప్రానోకు క్రిందిగీతగ నున్న సి, ఆల్టోకు నడిమిగీతయై, టెనర్‌కు పైనుండి రెండవగీత యగును. అన్ని గాత్రములను కలుపు దారము ఆ ఒక్క సి.

ఈ ఆచారము మూడు శతాబ్దులకు మించి నిలిచినది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తన గాత్రరచనలలోనే గాక, 1722 నాటి 'వెల్-టెంపర్డ్ క్లావియర్', 1723 నాటి 'ఇన్వెన్షన్లు' అను వాద్యరచనల స్వహస్తప్రతులలోను కుడిచేతి వరుసకు సొప్రానో క్లెఫ్‌నే వాడెను. మొజార్ట్ 1791లో అసంపూర్ణముగ విడిచిన 'రెక్వియమ్'లోను, బేతోవెన్ తొమ్మిదవ సింఫనీ (1824)లోను సొప్రానో గాత్రమునకు ఈ క్లెఫే కలదు.

ఎత్తైన క్లెఫ్‌లు

ఇక పరిశోధకులను చాలకాలము తికమక పెట్టిన విషయమునకు వచ్చెదను. 16వ శతాబ్ది నాలుగుగాత్రముల రచనలలో క్లెఫ్‌లు ముఖ్యముగ రెండు కూర్పులుగ కనబడును. మొదటి కూర్పు పైగాత్రమునుండి క్రిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ క్లెఫ్‌లు. రెండవ కూర్పు ట్రెబుల్, మెజోసొప్రానో, ఆల్టో, అన్నిటికంటె క్రింది గాత్రమునకు టెనర్ లేక బారిటోన్ క్లెఫ్. రెండవ కూర్పున ప్రతి గాత్రమును కనీసము రెండు మెట్లు ఎత్తుగ వ్రాయబడినట్లు తోచును. పాలెస్ట్రీనా రచనలలో ఈ రెండు కూర్పులును విరివిగ నున్నవి. ఇటలీవారు 18వ శతాబ్ది గ్రంథములలో రెండవ కూర్పును 'కియావెత్తె' అనిరి. చిన్న తాళపుచెవులని అర్థము.

ఆ కాలమున రెండు రకముల గాయకబృందములు, ఒకటి మామూలు కంఠములది, మఱియొకటి మిక్కిలి తారస్థాయి కంఠములది, యుండెనా? లేదు. ఒకే బృందము రెండిటిని పాడినది. దీనికి సమాధానము జర్మను విద్వాంసుడు మీఖాయేల్ ప్రెటోరియస్ 1619 నాటి 'సింటాగ్మా మ్యూజికమ్' మూడవ సంపుటమున ఇచ్చెను. బాస్‌గాత్రమునకు ఎత్తైన క్లెఫ్ ఉన్నచో వాద్యములు వాయించువారు ఆ పాటను క్రిందికి దింపవలయును. నిషాదమును కోమలము చేయు గుర్తు మొదట నున్నచో నాలుగవ స్వరమునకు, లేనిచో ఐదవ స్వరమునకు దింపవలయును. కొన్ని రాగములకు మాత్రము ఐదుకంటె నాలుగే మేలు. ఇది ఆతడు చెప్పిన నియమసారము. గాయకునకు ఎత్తు ఆతని కంఠమే నిర్ణయించును గనుక ఈ నియమము ముఖ్యముగ నియతశ్రుతి గల ఆర్గన్ మొదలగు వాద్యములవారికే అవసరమైనది.

అట్లైనచో పాడునట్లే క్రిందుగ ఏల వ్రాయలేదు? ఆ కాలపు రాగములకు కాగితముపై న్యాసస్వరము ఇంచుమించుగ నియతము. స్వరములను తీవ్రము చేయు గుర్తులను పాట మొదట వ్రాయు ఆచారము లేదు. కోమలనిషాదపు గుర్తు ఒక్కటే వాడుక. కావున కొన్ని రాగములు వ్రాతలో సహజముగనే ఎత్తున పడెను. వానికి ఎత్తైన క్లెఫ్‌లను ఎన్నుకొని, గీతలలో ఇమిడించి వ్రాసి, పాడునపుడు వలసినంత దింపుకొనిరి.

మనవారికి ఇది వింత కాదు. పున్నాగవరాళి, నవరోజు, కురంజి మొదలగు రాగములలోని రచనలు తారస్థాయికి పోక క్రిందనే సంచరించును. వానిని గాయకులు మధ్యమశ్రుతిలో, అనగా మధ్యమస్థానమునే షడ్జముగ నిలుపుకొని, నాలుగవ స్వరమునకు ఎత్తి పాడుదురు. పుస్తకమున స్వరములు మాఱవు. పాడు ఎత్తు మాఱును. మధ్యమశ్రుతి క్రిందనున్న పాటను పైకి ఎత్తును. ఎత్తైన క్లెఫ్‌ల నియమము పైనున్న పాటను క్రిందికి దింపును. భేద మొక్కటే: మనకు ఆ సూచన రాగము పేరున నున్నది, వారికి క్లెఫ్‌లో నున్నది.

ఈ సూచనను పోగొట్టుకొన్నచో కలుగు చిక్కునకు మోంతెవెర్ది 1610లో వెనిస్‌నందు ముద్రింపించిన 'వెస్పర్స్' సాక్ష్యము. ఆ గ్రంథమున తక్కిన భాగములలో పెక్కు మామూలు క్లెఫ్‌లలో నుండగా 'లౌడా యెరూసలేమ్' అను కీర్తనమును, 'మాగ్నిఫికాట్' అను స్తోత్రమును ఎత్తైన క్లెఫ్‌లలో నున్నవి. 20వ శతాబ్దిలో ఈ కృతి మరల ప్రచారములోనికి వచ్చినపుడు ఆ రెండు భాగములను వ్రాసినంత ఎత్తుననే పాడుచు వచ్చిరి. కంఠములు శ్రమపడి అఱచినట్లు వినబడుటను కొందఱు ఉత్సాహముగను, మహోన్నతభావముగను వర్ణించిరి. 1984లో ఆండ్రూ పారట్ అను ఆంగ్లసంగీతజ్ఞుడు ప్రకటించిన వ్యాసమున, క్లెఫ్‌లను బట్టి ఆ భాగములను నాలుగవ స్వరమునకు దింపి పాడవలయునని నిరూపింప యత్నించెను. వాదప్రతివాదములు చెలరేగినవి. కాని అటుపిమ్మట పెక్కు బృందములు ఆ మార్గమును అనుసరించినవి. దింపి పాడినపుడు ఆ రెండు భాగములును మిగిలిన కృతితో సమానమైన కంఠవ్యాప్తిలోనికి వచ్చినవి. ఎన్ని స్వరములు దింపవలయునను విషయమున పండితులకు భేదాభిప్రాయ ముండవచ్చును. కాని అట్టి ప్రశ్న ఒకటి కలదని తెలిపినది స్టాఫ్ తలపైనున్న ఆ చిన్నగుర్తు మాత్రమే.

గుర్తు తొలగింపు

19వ శతాబ్ది గడచుకొలది గాత్రసంగీతమున సి-క్లెఫ్ వెనుకబడినది. ఇంటింట పియానో చేరినది. దాని స్వరలిపికి ట్రెబుల్, బాస్ క్లెఫ్‌లు రెండే చాలును. బృందగానమున వృత్తిగాయకులు కాని సామాన్యులు వేలసంఖ్యలో చేరిరి. వారికి నాలుగైదు క్లెఫ్‌లను నేర్పుటకంటె అన్ని గాత్రములను ఆ రెండింటిలోనే ముద్రించుట సులభము. నేడు టెనర్ గాయకుడు ట్రెబుల్ క్లెఫ్‌నే చదివి ఒక అష్టకము క్రింద పాడును. సి-క్లెఫ్ వాద్యలిపిలో మాత్రము నిలిచినది: వియోలాకు ఆల్టో క్లెఫ్ వాడుదురు, చెల్లో, బసూన్, ట్రాంబోన్ల పైస్థాయివరుసలకు టెనర్ క్లెఫ్ వాడుదురు. సొప్రానో క్లెఫ్ సంగీతవిద్యార్థుల అభ్యాసములందు తప్ప మఱెచ్చటను తఱుచుగ కానరాదు.

పరిష్కర్తలును కాలముతోపాటు మాఱిరి. బాఖ్ సంఘమువారు 1851 మొదలు 1899 వఱకు ప్రకటించిన ఆతని సమగ్రరచనల సంపుటములలోను, 1862 మొదలు 1907 వఱకు వెలువడిన పాలెస్ట్రీనా సమగ్రసంపుటములు 33 లోను ప్రాచీన క్లెఫ్‌లనే ఉంచిరి. 1954 మొదలు 2007 వఱకు వెలువడిన నూతన బాఖ్ సంపుటములలో గాత్రములను నేటి క్లెఫ్‌లలోనికి మార్చిరి. ఐనను ప్రతి వరుసకు మొదట మూలములోని క్లెఫ్‌ను చిన్నదిగ ముద్రించి చూపిరి. విద్వత్పరిష్కరణములలో ఇది సాధారణనియమమైనది. గాయనార్థము ముద్రించు చవుక ప్రతులలో మాత్రము ఆ చిన్నగుర్తు తఱుచుగ లోపించును.

ఆ లోపమువలన పోవున దేమి? పై వివరణమునుండి మూడు విషయములు తేలుచున్నవి. ఒకటి, రచయిత ఏ కంఠమును తలచి ఆ వరుసను వ్రాసెనో తెలుపు సూచన పోవును. రెండు, ఎత్తైన కూర్పా, మామూలు కూర్పా అను భేదము చెఱిగిపోవును. దానితో పాడవలసిన ఎత్తును గూర్చిన ప్రశ్నయే మాయమగును. ట్రెబుల్ క్లెఫ్‌లో అచ్చైన రెండు పాటలలో ఒకదానికి మూలమున సొప్రానో క్లెఫ్, ఒకదానికి ట్రెబుల్ క్లెఫ్ ఉండినచో, ఆ భేదమును కనుగొనుటకు చదువరికి ఏ ఆధారమును మిగులదు. మూడు, మూలప్రతిని చదువు నేర్పు పోవును. నేటి ముద్రణమునే అభ్యసించినవాడు గ్రంథాలయమున 16వ శతాబ్ది పుస్తకము చేతబట్టినపుడు తొలిపుటయందే ఆగిపోవును.

మూడవదానిని గూర్చి ఒక మాట. పాతప్రతులలో అంచు చినిగి క్లెఫ్ పోయినను అనుభవజ్ఞుడు దానిని మరల నిర్ణయింపగలడు. కోమలనిషాదపు గుర్తు ఎచ్చట నున్నదో చూచినచో బి స్వరస్థానము తెలియును. తోడిగాత్రము దొరకినచో రెండును సంవాదముగ కలియునట్లు గీతలకు పేరులు పెట్టి చూడవచ్చును. ముగింపుస్వరమును బట్టి రాగమును ఊహింపవచ్చును. ఛందస్సును బట్టి శిథిలమైన అక్షరమును పూరించు తాళపత్రపరిష్కర్త చేయు పనియే ఇది. క్లెఫ్‌ల నియమములను ఎఱిగినవానికే ఇది సాధ్యము.

నేటి గాయకులందఱును ప్రాచీన క్లెఫ్‌లలోనే చదువవలయునని చెప్పుట నా యుద్దేశము కాదు. తిక్కన భారతమును తాళపత్రమునుండియే చదువుడని ఎవ్వరును చదువరులను నిర్బంధింపరు. సుబోధమైన ముద్రణ కావలసినదే. కాని పరిష్కర్త తాను మార్చినదానిని దాచరాదు. స్టాఫ్ మొదట మూలములోని క్లెఫ్‌ను, దాని ప్రక్క తొలిస్వరమును చూపుటకు అంగుళము చోటు చాలును. గ్విడో ఆ గుర్తును కల్పించినది గురువు లేనిచోటను పాట దాటిపోకుండుటకు. ఆ అంగుళము చోటు మిగిల్చిన పుటనుండి, గురువు లేకయే, పాట ఇంకను తీయవచ్చును.